ఆలూ ఆకు కింద

మా కొంటాలో శబరి నది ఒడ్డు ఒండ్రుమట్టి ఆలూ మొక్కకు బాగా పడుతుంది. పడనిది ఇక్కడి ఎండే. రాత్రి వేడి ఇరవై డిగ్రీలకు దిగితే గాని దుంప సరిగా ఊరదు. అంత చలి మా వైపు నవంబరు మధ్యలో మొదలై జనవరి ఆఖరుకల్లా వెళ్లిపోతుంది. అందుకే దీపావళి దాటగానే మొలకొచ్చిన దుంపల్ని కన్ను పోకుండా ముక్కలు కోసి, బూడిద అద్ది, పెరట్లో నాలుగు సాళ్లు పెట్టుకుంటాం. ఈ కొద్ది రోజుల్లో ఆకు పోయిందంటే మళ్లీ చిగురించి దుంప కట్టేలోపు ఎండలు ముదిరిపోతాయి. మా దగ్గర ఆలూ పండించడమంటే ముందు ఆకును కాపాడుకోవడమే.

ఆ ఆకు మీద వాలేవాటిలో మొదట చెప్పుకోవలసింది అక్షింతల పురుగు. గుండ్రంగా, ఇటుక రంగులో, వీపు మీద ఇరవై ఎనిమిది నల్లచుక్కలతో ఉంటుంది. పై నుంచి చూస్తే ఒకటో రెండో కనిపిస్తాయి. ఆకు తిప్పితేనే అసలు సంసారం బయటపడుతుంది. పసుపుపచ్చని గుడ్లు గుంపుగా నిలబెట్టినట్టు ఉంటాయి. ఆ పక్కనే ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో పసుపు రంగు పిల్లపురుగులు. ఇవి ఆకును కొరికి మింగవు. ఆకు ఈనెల మధ్యనున్న పచ్చదనాన్ని అడుగు నుంచి గీకి తింటాయి, పైన పల్చటి పొర మిగులుతుంది. రెండు రోజుల్లో ఆ పొర ఎండి రాలి ఆకు జల్లెడైపోతుంది.

చిక్కేమిటంటే, దీని దాయాదే మనకు మేలు చేసే పురుగు. రెండిటిదీ ఒకే కుటుంబం, ఆకారమూ ఒకటే. ఏడు చుక్కలదీ, వీపు మీద వంకర నల్లగీతలున్నదీ పేనుబంకను తిని బతుకుతాయి, ఒక్కొక్కటి రోజుకు పదుల కొద్దీ తినేస్తుంది. తేడా పట్టుకోవడం కష్టం కాదు. మేలు చేసేది నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. అక్షింతల పురుగు వీపు మీద సన్నటి నూగు ఉండటంతో మెరుపు ఉండదు. పిల్లపురుగుల్లో తేడా ఇంకా స్పష్టం: ముళ్లున్న పసుపుది శత్రువు, నారింజ మచ్చలున్న నల్లటిది మిత్రం. ఈ ఒక్కటీ పిల్లలకు నేర్పితే చాలు, పెద్దవాళ్లకంటే వాళ్లే బాగా ఏరుతారు.

ఏరడానికి పొద్దున్నే మంచి వేళ. చలికి పురుగు మందకొడిగా ఉంటుంది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని కింద పడిపోవడం దీని అలవాటు. ఆకు కింద సబ్బునీళ్ల మగ్గు పట్టి కొమ్మను తడితే అందులోనే పడుతుంది. గుడ్లున్న ఆకును తుంచేయడమే. నాలుగు సాళ్ల పెరటికి ఇంతకు మించిన వైద్యం లేదు. అప్పటికీ తగ్గకపోతే వేపగింజల పప్పు పొడి యాభై గ్రాములు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఎండలో కొడితే దాని సత్తువ త్వరగా పోతుంది.

"మిర్చికి తెచ్చిన మందు సగం సీసా ఉందమ్మా, ఒక మూత కలిపి కొట్టెయ్" అని పక్కింటి పెద్దమ్మ ప్రేమగానే చెప్పింది. ఆ ప్రేమకు దండం పెట్టి సీసాను మాత్రం వద్దన్నాను. అందులో ఉన్నది మోనోక్రోటోఫాస్. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అయినా పొలానికి కొన్న మందు పెరట్లోకి రావడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఆ మందుకు ముందు చచ్చేది ఏడు చుక్కల పురుగే, ఆ తర్వాత పేనుబంకకు అడ్డుండదు. పైగా మందుకు పురుగు అలవాటు పడుతుంది కూడా. అమెరికాలో చారల కొలరాడో పురుగు 1859 ప్రాంతంలో నెబ్రాస్కాలో ఆలూ చేలకెక్కి, 1874 నాటికి అట్లాంటిక్ తీరం చేరింది. దాని మీద డీడీటీ కొడితే పదేళ్లు తిరక్కుండానే తట్టుకోవడం నేర్చుకుంది. ఆ పురుగు మన దేశంలోకి రాలేదు, మన అదృష్టం.

పేనుబంక సంగతి వేరు. అది పీల్చే రసంకంటే మోసుకొచ్చే వైరస్ చేటు. 1949లో పట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విత్తనపు పంటకు ఒక లెక్క పెట్టింది. వంద ఆకులకు ఇరవై పేలు దాటేలోపే మొక్కల పై భాగం కోసేయాలి. అలా కోస్తే వైరస్ దుంపలోకి దిగదు. మన పెరటి దుంపను కూరకు వాడుకోవాలి గాని మరుసటేడు విత్తనానికి దాచకూడదన్నది ఇందుకే.

దుంప తొలిచే పురుగు మట్టి పగుళ్లలోంచి దిగుతుంది. కనుక సాలు నెర్రెలివ్వకుండా తడుపుతూ, రెండుసార్లు మట్టి ఎగదోయాలి. తవ్విన దుంపల్ని రాత్రి బయట వదలకూడదు, దాని రెక్కల పురుగు వచ్చి దుంప కంటి దగ్గర గుడ్లు పెట్టేది అప్పుడే. ఇంట్లో పరిచేటప్పుడు కిందా పైనా ఎండిన లాంటానా ఆకో, జామాయిల్ ఆకో రెండు సెంటీమీటర్ల మందాన వేస్తే పురుగు దరిచేరదు. భద్రాచలం దారి పొడుగునా జామాయిల్ తోటలే, ఆకుకు కొదవ లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, వంగ మోళ్లు ఒక ఎత్తు. వానాకాలపు వంగ ముదిరిపోయినా, ఇంకో రెండు కాయలు రాకపోతాయా అని ఎవరూ పీకరు. వంగ, కామంచి, ఉమ్మెత్త, ఆలూ అన్నీ ఒకే కుటుంబం. అక్షింతల పురుగు ఆ ముదురు వంగ మీదే కాచుకుని కూర్చుని, లేత ఆలూ మొలవగానే దూకుతుంది. ఈ ఏడు ఆలూ పెట్టదలచుకున్నవాళ్లు విత్తనం కొనకముందే గోడ వారన ఉన్న ఆ వంగ మోళ్లు పీకి తగలబెట్టండి.