బత్తాయిల గుట్ట, మెరిసే సీసా

పాలు, పెయింటు, సిరా. ఈ మూడింట్లో కామన్‌గా ఉన్నదేంటో తెలుసా? ద్రవంలో కంటికి కనిపించనంత చిన్న రేణువులు కరగకుండా, వెంటనే అడుగుకి చేరకుండా తేలుతూ ఉంటాయి. వీటినే కొలాయిడ్లు అంటారు. ఎమ్మెస్సీ ఫైనలియర్ ప్రాజెక్టులో నా చేతికొచ్చింది అలాంటిదే ఒక చిన్న సీసా. యాక్రిలిక్ షీట్లు చేసే ప్లాస్టిక్‌నే బుల్లి బుల్లి బంతులుగా చేసి ద్రవంలో కలిపారు. ఒక్కో బంతి మన వెంట్రుక మందంలో సుమారు వందో వంతు.

రాత్రి ఆ సీసాని బాగా ఊపి పెట్టేస్తాం. పొద్దున టార్చి వేసి చూస్తే లోపల ఎరుపు, పచ్చ, నీలం చుక్కలు మెరుస్తుంటాయి. రంగు ఎవరూ కలపలేదు. బంతులు వరుసలుగా అమరి స్ఫటికాలయ్యాయి, అంతే. ఆ వరుసల మధ్య దూరం వెలుగు తరంగాల పొడవుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఒక్కో కోణంలో ఒక్కో రంగు కనిపిస్తుంది. ఒపాల్ రాయి మెరిసేదీ ఇందుకే. కాకపోతే అందులో ఉండేవి సిలికా బంతులు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసి ఆ గుట్టు విప్పారు.

పేర్చిందెవరు?

మా నాయిన నల్లగొండలో తోపుడు బండి మీద బత్తాయిలు అమ్ముతాడు. ఒకరోజు వీడియో కాల్‌లో సీసా చూపించా.

"ఇవన్నీ నువ్వే పేర్చినవా బిడ్డా?"

"లేదు నాయినా, వాటంతటవే పేర్చుకున్నయ్."

నమ్మలేదు. నమ్మకపోవడం న్యాయమే. బండి మీద గుట్ట పేర్చడానికి ఆయనకి రోజూ అరగంట పడుతుంది. కింది మూడు కాయల మధ్య గుంతలో పై కాయ కూర్చోవాలి. ఒకే సైజు బంతుల్ని అలా పేరిస్తే 74 శాతం చోటు నిండుతుంది. బస్తాలో పోసినట్టు ఊరికే పోసేస్తే సుమారు 64 శాతమే. మా సీసాలోనూ ఇలాంటి పేర్పే ఉంది. పేర్చే చెయ్యి మాత్రం లేదు.

ఆ బంతులకి జిగురు లేదు. ఒకదాన్నొకటి లాక్కోవు. ద్రవం అణువులు గుద్దుతుంటే అటూ ఇటూ కదులుతుంటాయి. మరి వరుసలోకి ఎందుకొస్తాయి? పండగ ముందు రోజు బస్సు గుర్తు తెచ్చుకోండి. అందరూ అడ్డదిడ్డంగా నిలబడితే ఎవరి మోచెయ్యీ కదలదు. అదే జనం కాస్త సర్దుకుంటే తలా కొంచెం చోటు మిగులుతుంది. బంతులకి మనలా ఆలోచన ఉండదు. కానీ కదులుతూ కదులుతూ, కదలడానికి ఎక్కువ వీలున్న అమరికలోకి చేరతాయి. క్రమంలోకి వస్తేనే ఎక్కువ స్వేచ్ఛ. మొదటిసారి అర్థమైనప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దీన్ని 1957లో కంప్యూటర్ లెక్కలతో చూపించింది ఆల్డర్, వెయిన్‌రైట్. 1986లో ప్యూసీ, వాన్ మెగెన్ నిజం సీసాల్లోనే చూశారు. బంతులు సీసాలో 49.4 శాతం లోపు చోటు ఆక్రమిస్తే మొత్తం ద్రవమే. 54.5 దాటితే మొత్తం స్ఫటికం. మధ్యలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. 58 దాటిందా, కథ మారిపోతుంది. సర్దుకునేంత చోటు కూడా దొరకక ఎక్కడివక్కడే ఇరుక్కుపోయి గాజులా ఉండిపోతాయి.

మొదట్లో అన్నీ కరిగిపోతాయి

స్ఫటికం మొదలవడమే కష్టం. ఇక్కడో గుంపు, అక్కడో గుంపు వరుస కడతాయి, వెంటనే చెదిరిపోతాయి. చిన్న గుంపుకి అంచు ఎక్కువ, లోపలి భాగం తక్కువ. అందుకే నిలవదు. 2001లో కొందరు శాస్త్రవేత్తలు మైక్రోస్కోప్ కింద ఒక్కో బంతినీ లెక్కపెట్టి చూస్తే, గుంపులో సుమారు 60 నుంచి 160 బంతులు చేరాకే అది నిలదొక్కుకుని పెరగడం మొదలైంది.

గురుత్వాకర్షణ కూడా అడ్డమే. 1995లో కొలంబియా షటిల్‌లో ఇలాంటి సీసాలు పంపారు. భూమ్మీద ఏడాది దాటినా గాజులాగే ఉండిపోయిన నమూనాలు అక్కడ రెండు వారాల్లోపే స్ఫటికాలయ్యాయి.

ఇదంతా నాయినకి చెప్పాక ఆయన అడిగింది ఒక్కటే.

"మంచిగనే ఉంది. దేనికి పనికొస్తది?"

లోహం గడ్డకట్టేటప్పుడు అణువులు ఎలా సర్దుకుంటాయో నేరుగా చూడటం చాలా కష్టం. అవి మరీ చిన్నవి, మరీ స్పీడు. ఈ బంతులు పెద్దవి, నిదానం. వీటిని చూస్తే ఆ కథ కొంత తెలుస్తుంది. అదే చెప్పా. ఇంకో మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అప్పటికి నా ఫోన్‌లో హైదరాబాద్ కంపెనీ ఆఫర్ లెటర్ ఉంది. శుక్రవారంలోగా జవాబివ్వాలి. పీహెచ్‌డీకి వెళ్తే ఇంకో ఐదేళ్లు. అన్నేళ్లూ ఆ బండి తోసేది నాయినే.

చివరికి చెప్పేశా. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆ సీస ఊపితే చెదిరిపోతయా?"

"పోతయ్. పక్కన పెడితే మళ్లొస్తయ్."

"ఎన్ని రోజులకు?"

"కొన్ని ఒక్క రాత్రిలో. కొన్ని అసలు రావు."

అబద్ధం చెప్పాలనిపించలేదు. గురువారం ఆఫర్‌కి నో చెప్పా. జేఆర్‌ఎఫ్ ఉంది కాబట్టి నెలకు 37,000 వస్తాయి, అందులో పదివేలు ఇంటికి పంపిస్తానని నాయినకి చెప్పా.

"పైసలు తర్వాత పంపుదువు గని, ముందుగాల నీ సీసలు సూస్కో" అన్నాడు. అవతల ఎవరో బేరమాడుతున్నట్టున్నారు, ఫోన్ పెట్టేశాడు.