గసగసాలంత గండం

సాయంత్రం ఏడయిందంటే చాలు, మా అక్క ఇంట్లో ఓ తంతు మొదలవుతుంది. ఆడుకుని వచ్చిన ఏడేళ్ల కొడుకుని బాత్‌రూమ్‌లో లైటు కింద నిలబెడుతుంది. చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక, నిక్కరు ఎలాస్టిక్ నొక్కుకున్న చోట... ఒళ్లంతా వెతుకుతుంది. ఆఖర్న తల. మన ఊళ్లలో అరుగు మీద కూర్చోబెట్టి పేలు చూస్తారే, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ వెతికేది పేల కోసం కాదు, పిడుదుల కోసం!

పిడుదులంటే తెలుసుగా. గేదెల చెవుల్లో, పొదుగు దగ్గర కరుచుకుని, రక్తం తాగి బఠాణీ గింజల్లా ఉబ్బే పురుగులు. కొన్ని చోట్ల గోమార్లంటారు. పోయిన జూన్‌లో అమెరికా వెళ్లినప్పుడు, హార్ట్‌ఫోర్డ్‌లో బీమా కంపెనీ కంప్యూటర్ల మీద పనిచేసే బావగారి ఇంట్లో వాటి పేరు వింటానని కల్లో కూడా అనుకోలేదు.

''ఇక్కడ ఇది మామూలేనే. అసలు ఆ జబ్బుకి పేరిచ్చిన ఊరు మనకి గంట దూరమే'' అంది అక్క.

ఆ జబ్బు పేరు లైమ్ వ్యాధి. నిమ్మకాయకీ దానికీ ఏ సంబంధమూ లేదు. లైమ్ అనేది కనెక్టికట్ రాష్ట్రంలో రెండువేల చిల్లర జనం ఉండే ఊరు. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్ పేరునే 1667లో ఇక్కడా పెట్టుకున్నారు. పక్కనే ఓల్డ్ లైమ్, ఈస్ట్ హాడమ్.

మర్నాడు ఆదివారం. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని అందరం కారెక్కాం. గుడివాడ నుంచి వచ్చిన అక్క అత్తగారు మాత్రం ''చీర మీద ఈ మేజోళ్లేంటమ్మా'' అని ససేమిరా అన్నారు.

నది దాటితే ముప్ఫై రెట్లు

కనెక్టికట్ నది పడమటి ఒడ్డున చెస్టర్ అనే ఊరు. అక్కడినుంచి అవతలి హాడ్‌లైమ్‌కి పంటు తిరుగుతుంది. మన గోదావరి మీద లారీలూ బస్సులూ ఎక్కించుకునే పంటు లాంటిదే కానీ బుల్లిది. ఎనిమిదో తొమ్మిదో కార్లు పడతాయి. 1769 నుంచీ ఇక్కడ రేవు నడుస్తూనే ఉంది. ఎదురుగా కొండ మీద రాతికోట. నాటకాల్లో షెర్లాక్ హోమ్స్ వేషం కట్టి పేరు తెచ్చుకున్న విలియం జిల్లెట్ కట్టించుకున్న ఇల్లట. ఐదు నిమిషాల్లో అవతలి ఒడ్డు వచ్చేసింది.

ఈ ఐదు నిమిషాల దూరానికే ఓ కథ ఉంది. 1970లలో యేల్ విశ్వవిద్యాలయం డాక్టర్లు లెక్కలు తీస్తే, నదికి తూర్పున ఈ జబ్బు పడమటి కంటే దాదాపు 30 రెట్లు ఎక్కువగా కనిపించింది. అదే నీళ్లు, అదే గాలి. మరి తేడా ఏమిటి? తూర్పు గట్టున పిడుదులు చాలా ఎక్కువ! జబ్బు తెచ్చేది అవేనన్న అనుమానం బలపడింది అలాగే. ఇప్పుడు రెండు గట్లకీ పాకేసింది.

అయితే అసలు కేసు పట్టింది డాక్టర్లు కాదు, ఓ అమ్మ. పాలీ మర్రే అని లైమ్‌లో నలుగురు పిల్లల తల్లి. 1950ల నుంచీ ఆమెకి ఏవేవో బాధలు. ఒంటి మీద మచ్చలు, జ్వరం, కీళ్లనొప్పులు. తర్వాత పిల్లలకీ మోకాళ్లు వాచాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా అంతా మీ భ్రమ అన్నట్టే మాట్లాడారు. ఆమె ఊరుకోలేదు. ఎవరికి ఎప్పుడు ఏమొచ్చిందో రాసుకోవడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగుల్లోనూ అలాంటివాళ్లే! 1975లో ఆ చిట్టా పట్టుకుని రాష్ట్ర ఆరోగ్యశాఖకి ఫోన్ చేసింది. అదే సమయంలో ఓల్డ్ లైమ్ నుంచి జూడిత్ మెన్ష్ అనే మరో తల్లి కూడా చేసింది. అప్పటికి పిల్లల్లో వచ్చే కీళ్లవాతం అని సరిపెట్టేస్తున్నారు. వాతం అంటువ్యాధిలా వీధులు పట్టుకుని వస్తుందా? యేల్ నుంచి అలెన్ స్టీర్ అనే కుర్ర డాక్టరు వచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. మూడూళ్లలో 39 మంది పిల్లలు, 12 మంది పెద్దలు తేలారు. ఓ నాలుగు రోడ్లలోనైతే పదిమంది పిల్లల్లో ఒకరికి!

అసలు క్రిమి దొరకడానికి మరో ఆరేళ్లు పట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని షెల్టర్ ఐలాండ్ నుంచి వచ్చిన పిడుదుల్ని, ఎక్కడో మోంటానాలోని ప్రయోగశాలలో విల్లీ బర్గ్‌డార్ఫర్ కోసి చూస్తున్నాడు. వెతుకుతున్నది వేరే జ్వరం క్రిమిని. 1981లో వాటి పొట్టలో మెలికలు తిరిగిన బ్యాక్టీరియా కనిపించింది. ఆయన పేరే దానికి పెట్టారు.

జింక కాదు, ఎలుక

కోట చుట్టూ ఉన్న దారుల్లో నడుస్తుంటే ఓ వింత. దట్టమైన చెట్ల మధ్య మోకాలెత్తు రాతిగోడలు! అడవిలో గోడలెవరు కట్టారు? బావగారు చెప్పారు, అవి ఒకప్పటి పొలంగట్లట. రెండువందల ఏళ్ల కిందట ఇదంతా సాగుభూమి. చెట్లు కొట్టేసి, దున్నినప్పుడల్లా తేలిన రాళ్లతో గోడలు పేర్చుకున్నారు. ఆ తర్వాత రైతులు పడమట మంచి నేలలు వెతుక్కుంటూ, మిల్లుల్లో కూలి వెతుక్కుంటూ వెళ్లిపోయారు. అడవి తిరిగొచ్చింది. ఇప్పుడు కనెక్టికట్‌లో సుమారు 60 శాతం అడవే. 19వ శతాబ్దం చివరికి దాదాపు కనుమరుగైన జింకలూ వచ్చేశాయి. వాటిని తినే తోడేళ్లు మాత్రం రాలేదు. జనం ఆ చెట్ల మధ్యే ఇళ్లు కట్టుకున్నారు. అడవులు పెంచండి అని ఏడాదికోసారి వ్యాసం రాసే నాలాంటివాళ్లకి మింగుడుపడని సంగతే.

ఇక్కడివాళ్లు దీన్ని జింక పిడుదు అంటారు. పాపం, జింకది సగం తప్పే. పెద్దయిన పిడుదులు దాని మీదే జతకట్టి, కడుపునిండా తాగి, రాలిపడి వేలల్లో గుడ్లు పెడతాయి. అంటే జింక అన్నసత్రం అన్నమాట. కానీ దాని రక్తంలో ఈ బ్యాక్టీరియా బతకదు. జబ్బు అంటించేది తెల్లకాళ్ల ఎలుక. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పిడుదులో క్రిమి ఉండదు. అది మొదటిసారి ఏ ఎలుకనో కుట్టినప్పుడు ఒంట్లోకి ఎక్కించుకుంటుంది. మరుసటి వేసవికి గసగసాల గింజంత అవుతుంది. రెండో భోజనం కోసం గడ్డి కొస మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. అప్పుడు తగిలేది మన పిల్లల కాళ్లు. ఎలుక మాత్రం నిక్షేపంగా ఉంటుంది! సింధూర చెట్ల కాయలు విరగకాసిన ఏడాది తర్వాత ఎలుకలు పెరుగుతాయి, ఆపై ఏడాది జబ్బు మోసే పిడుదులు పెరుగుతాయి. న్యూయార్క్ అడవుల్లో ఏళ్ల తరబడి లెక్కపెట్టి తేల్చిన సంగతిది. ఆ రాతిగోడల సందులు ఎలుకలకి మేడలే మరి.

దేశం మొత్తమ్మీద ఏటా 4 లక్షల 76 వేల మంది దీనికి చికిత్స తీసుకుంటున్నారని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అంచనా. 1998లో టీకా వచ్చింది. అమ్మకాల్లేవని 2002లో తయారీ ఆపేశారు. తర్వాత ఇరవై ఏళ్లు దాటినా మనుషులకి మరోటి రాలేదు. కుక్కలకి మాత్రం ఉంది!

ఇంటికొచ్చాక ఏడు గంటల తంతు. ''అయ్యో'' అంది అక్క. పిల్లాడి ఎడమ మోకాలి వెనక నల్లటి చుక్క. పుట్టుమచ్చేమో అనుకున్నాను. చుక్కకి కాళ్లున్నాయి!

''పిడుదేగా! ఓ కిరసనాయిలు చుక్క వెయ్యి, అదే ఊడొస్తుంది. మా పాలేరు గేదెలకి అలాగే చేసేవాడు'' అన్నారు పెద్దావిడ.

''వద్దత్తయ్యా, చిరాకు పెడితే అది లోపలున్న క్రిమిని కక్కుతుందట'' అంది అక్క. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని, మెలితిప్పకుండా నిట్టనిలువుగా లాగింది. వచ్చేసింది. సబ్బుతో కడిగి, పురుగుని టేపుకి అంటించి తేదీ రాసింది. అంతసేపూ వాడు కిక్కురుమనలేదు. నాకే చెమటలు.

డాక్టరుకి ఫోన్ చేస్తే ఆవిడ మొదట అడిగింది ఒకటే. ఎంతసేపటి నుంచి ఉంది? క్రిమి ఉండేది పిడుదు పొట్టలో. అక్కడినుంచి నోటిదాకా వచ్చి మన ఒంట్లో చేరడానికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది. నిన్న సాయంత్రం వెతికినప్పుడు లేదు, పైగా ఇంకా ఉబ్బలేదు. ''అయితే మందు అక్కర్లేదు. 30 రోజులు చూడండి. గుండ్రంగా పెరిగే ఎర్రమచ్చ వచ్చినా, జ్వరం వచ్చినా తీసుకురండి'' అన్నారావిడ. మచ్చ దశలో పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది. వదిలేస్తేనే కీళ్లకీ, నరాలకీ, ఒక్కోసారి గుండెకీ పాకుతుంది. ఆ మచ్చ అందరికీ రాదు, అదీ చిక్కు.

ఫ్రిజ్ మీది క్యాలెండర్లో అక్క రోజూ ఓ గీత గీయడం మొదలుపెట్టింది. మర్నాటి నుంచి పెద్దావిడ కూడా మాట్లాడకుండా సాక్సులు వేసుకున్నారు.

నేను హైదరాబాద్ వచ్చేశాక ముప్ఫయ్యో రోజున ఫోన్ చేశాను. నాకు తెల్లారింది, వాళ్లకి సాయంత్రం ఏడు దాటింది.

''ఏమీ రాలేదే'' అంది అక్క.

వెనకనుంచి వాడి గొంతు. ''అమ్మా, ఇంకో చెవి చూడలేదు!''