మా మరిది వ్రాసిన మొసలి

మా మరిది త్రాగుడు మానవలెనని పూని నేటికి పదునాలుగు నెలలైనది. నడుమ నొకమారు తప్పినాడు, అదియు దాచను. ఇంటిగుట్టు నలుగురిలో బెట్టుట తగదని మా అత్తగారు మందలించిరి. కాని యిట్టి దుఃఖ మెన్ని యిండ్లలో తలుపుచాటున నున్నదో యెరుగుదును గనుక వ్రాయుచున్నాను.

వైద్యశాలనుండి వచ్చిన పిమ్మట అతని దేహము కుదుటబడినది. కాని ప్రొద్దుగూకగానే చేతులకు పనిలేక, పలుకుటకు తోడులేక, గుమ్మమువంక చూచుచు కూర్చుండెడివాడు. నేను బీరువా తాళపుచెవులు నడుమున దోపుకొని తిరుగుచుంటిని. ఆ చప్పు డతనికి వినబడుచునే యుండెను. తలచుకొన్న నాకిప్పటికిని సిగ్గగును.

మా యూర త్రాగుడు మానినవారు కొందరు వారమున కొకనాడు ఒక పెంకుటింట గూడి కలంకారీ వస్త్రము వ్రాయుదురు. శ్రీకాళహస్తిలో పని నేర్చిన యొక వృద్ధుడు వారికి గురువు. "బొమ్మలు వ్రాసిన వ్యసనము పోవునా?" యని నేను నవ్వితిని. అందుకు మా వారు, ఏడ్రియన్ హిల్ అను ఆంగ్ల చిత్రకారుడు 1938లో క్షయరోగముతో ఆరోగ్యశాలలో నుండి, చిత్రలేఖనమువలన ఊరటపొంది, పిదప తోడి రోగులకును అలవరచెననియు, 1942లో దానికి కళాచికిత్స యను పేరిడెననియు చెప్పిరి. బ్రెజిలు దేశమున నీజె ద సిల్వైరా యను వైద్యురాలు 1946లో మనోవ్యాధి గలవారికి చిత్రశాల తెరిపించి, వారి చిత్రములకై 1952లో ప్రదర్శనశాలయే నెలకొల్పెనట. స్త్రీ చేసినదనగానే నాకు కొంత గురి కుదిరినది! ఐనను ఇది మందునకు తోడే గాని బదులు కాదు. వైద్యుని మాట మేమెన్నడును మీరలేదు.

మొదటి దినమున నేనును తోడువెళ్లితిని. వస్త్రమును కరక్కాయరసము, గేదెపాలు కలిపిన నీట ముంచి యారబెట్టుదురు. పాలజిడ్డువలన రంగు ప్రాకదు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో రూపురేఖలు గీయుదురు. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట దినములకొలది నానవేసి తీసిన రసముతో వానిపై వ్రాయగా, కరక్కాయ సోకినచోట గీత నల్లబడును. పటికనీరు పూసినచోటనే యెరుపు పట్టును. ప్రతి మెట్టున ఉదుకుట, ఆరవేయుట, కాచుకొనుట. తొందరపడువాని కిచ్చట చోటు లేదు.

వారు గజేంద్రమోక్షము నెత్తుకొనిరి. ఏనుగును వ్రాయుటకు అందరును ముందుకు వచ్చిరి. మొసలి నెవ్వరు నొల్లరైరి. "నేను వ్రాసెదను, దాని పట్టు నాకు తెలియును" అని మా మరిది యనినాడు. చేయి వణకి వీపుగీత వంకరలు పోయినది. గురువుగారు చూచి, "మొసలివీపు నున్నగా నుండునా నాయనా, కానిమ్ము" అనిరి. అందరును నవ్విరి. అతడును నవ్వెను. ఎన్నాళ్లకో!

నేను కనిపెట్టిన దింకొకటి. ఇంట మేము ఎదుట నిలువబెట్టి, న్యాయస్థానమునందువలె ప్రశ్నించెడివారము. అచ్చట కన్నులన్నియు గుడ్డమీద నుండును. తలయెత్తక యొక్కొక్కరు తమ బాధ చెప్పుకొందురు.

అయిదవ నెలలో ఒక పెండ్లికి పోయి త్రాగి వచ్చినాడు. రెండువారములు ముఖము చూపలేక గదిలోనే యుండెను. అంత నొకనాటి సాయంకాలము ఇద్దరు తోటివారు వచ్చి అరుగుమీద కూర్చుండిరి. హితబోధ చేయలేదు. "మొసలికి తోక మిగిలినది. నీ బొమ్మను మేము ముట్టము" అని మాత్రము చెప్పి, కాఫీ త్రాగి వెళ్లిరి. మరువారము అతడు పోయి తోక వ్రాసెను.

కొన్నాళ్లకు పటిక తెమ్మని గురువుగా రతనికి పని యొప్పగించిరి. నేల చూచుచు, "వదినా, రెండువందలు కావలెను" అనినాడు. అంగడికి పోవు త్రోవలోనే మద్యపు దుకాణ మున్నది. నే నొక నిమిషము తటపటాయించి, తాళపుచెవులే చేతికిచ్చి, "బీరువాలో నున్నది, తీసికొనుము" అంటిని. ఎనిమిది గంటలైనను రాలేదు. అన్నము చల్లారినది. గేటు చప్పుడైనప్పుడు నే నెదురేగి, అతని యూపిరి వాసన చూచితిని. అత డది గమనించెను, ఏమియు ననలేదు. దగ్గరి యంగడి మూసియుండగా బజారువరకు నడచినాడట. పటికపొట్లము, మిగిలిన చిల్లర, తాళపుచెవులు బల్లమీద బెట్టి, కాళ్లు కడుగుకొన పోయెను.

వచ్చు ఆదివారమున వస్త్రమును పారునీట జాడించుటకు కాలువకు గొనిపోవుదురు. తడిసిన గుడ్డ మిక్కిలి బరువు, అంచు పట్టుట కింకొకరు కావలెను, రమ్మని నన్ను పిలిచినాడు. మా అత్తగారును వచ్చెదననుచున్నారు.