ఊరు చూడటమూ మందే

సెప్టెంబర్ నెలాఖరు వచ్చిందంటే ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో మా క్లినిక్ వరండాలో తెలుగు వినిపించడం మొదలవుతుంది. యూనివర్సిటీలు తెరిచిన రెండు మూడు వారాలకు పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. గుండెదడ అంటారు, కడుపులో మంట అంటారు, నిద్ర పట్టడం లేదంటారు. ఇన్నేళ్ళుగా వాళ్ళను చూస్తూ నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. కొత్త దేశంలో మొదటి నెల చదువుకే కాదు, ఒంటికీ పరీక్షే. తలుపేసుకుని గదిలో కూర్చున్నవాళ్ళకంటే ఊళ్ళోకి వెళ్ళి నాలుగు వీధులు తిరిగినవాళ్ళు త్వరగా నిలదొక్కుకుంటారు. ఇక్కడ చెప్పబోయే పిల్లలను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

పల్నాడు నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన కుర్రాడొకడు గుండె దడదడలాడుతోందని వచ్చాడు. వాళ్ళ పెదనాన్న గుండెపోటుతో పోయారట, ఆ భయం కళ్ళలో కనిపిస్తోంది. ఈసీజీ తీశాం, రక్తపరీక్షలు చేశాం. అన్నీ బాగున్నాయి. అప్పుడు రోజు ఎలా గడుస్తోందో చెప్పమన్నాను. క్లాసు అవగానే గదికి వెళ్ళి కర్టెన్లు వేసుకుంటాడు. నరసరావుపేటలో తెల్లవారుజామున ఐదింటికి అమ్మ లేస్తుంది. ఇక్కడ అప్పుడు రాత్రి పన్నెండున్నర. ఆమెతో మాట్లాడే వరకు కాఫీలు తాగుతూ మేలుకుంటాడు. నిద్రపోయేసరికి మూడవుతుంది, లేచేసరికి పదకొండు. ఆ నిద్ర ఇటు న్యూకాసిల్ వేళకూ కాదు, అటు నరసరావుపేట వేళకూ కాదు.

మన దేశానికీ బ్రిటన్‌కూ వేసవిలో నాలుగున్నర గంటలు తేడా. అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు కాబట్టి ఆ తర్వాత అది ఐదున్నర గంటలవుతుంది. రోజుకు గంట చొప్పున సర్దుకున్నా శరీరానికి వారం చాలు. అయితే ఆ సర్దుబాటుకు ముఖ్యంగా కావలసింది కంట్లో పడే ఉదయపు వెలుతురు. ఈ అబ్బాయికి అదే అందడం లేదు.

“ఊళ్ళో ఏం చూశావు?” అని అడిగాను.

“ఏమీ చూళ్ళేదు సార్. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపారు. నేను తిరగడానికి రాలేదు కదా.”

ఈ మాట ఎంతోమంది పిల్లల నోట విన్నాను. బస్సు టికెట్ కొంటే దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటారు. ఆ రూపాయలు తండ్రి అప్పుగా కనిపిస్తాయి. ఆ బాధ్యత చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. కానీ అదే బాధ్యత పిల్లవాణ్ణి నాలుగు గోడల మధ్య కట్టేస్తే, ఏ చదువు కోసం అప్పు చేశారో ఆ చదువే దెబ్బతింటుంది.

అతనికి మాత్రలు రాయలేదు. రోజూ ఉదయం తొమ్మిదిలోపు నలభై నిమిషాలు టౌన్ మూర్‌లో నడవమన్నాను. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దన్నాను. అమ్మకు ఇక్కడ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేయమన్నాను. అక్కడ తొమ్మిదిన్నర, ఆమె భోజనం ముగించుకుని తీరిగ్గా ఉండే వేళ.

టౌన్ మూర్ అంటే ఊరి నడిబొడ్డుకు దగ్గర్లోనే ఉన్న పెద్ద పచ్చిక బయలు. అందులో పశువులను మేపుకునే హక్కు ‘ఫ్రీమెన్’ అనే పౌరులకు శతాబ్దాల నుంచి ఉంది. చలి ముదిరే దాకా అక్కడ ఆవులు మేస్తూ కనిపిస్తాయి. అబ్బాయి మళ్ళీ వచ్చినప్పుడు మొదట చెప్పింది గుండె సంగతి కాదు. “ఊరి మధ్యలో ఆవులు సార్! ఫొటో పంపితే నాన్న ఏ జాతివి, ఎన్ని లీటర్లిస్తాయని అడిగారు” అన్నాడు. అంతకుముందు తండ్రీకొడుకుల మాటలు ఫీజు దగ్గర మొదలై ఫీజు దగ్గరే ఆగేవట. ఆ తర్వాత 1928లో కట్టిన టైన్ వంతెన కింద నదీతీరం వెంట నడిచాడు. మెట్రో ఎక్కి టైన్‌మత్ వెళ్ళి సముద్రం చూశాడు. నిద్ర దారిలో పడింది, దడ తగ్గింది.

అలాగని ప్రతి నలతకూ ఇంటి మీద బెంగే కారణమనుకోవడం ప్రమాదం. కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి ఎప్పుడూ నీరసంగా, దుప్పటి కప్పుకుని ఉండేది. బయటికి రమ్మంటే కదిలేది కాదు. తోటివాళ్ళంతా బెంగ అన్నారు. ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా అని అడిగితే థైరాయిడ్ మాత్ర బయటపడింది. ఇక్కడ మందులు ఖరీదని ఎవరో చెప్పారట. తెచ్చుకున్నవి ఎక్కువ రోజులు రావాలని సగం సగం విరిచి వేసుకుంటోంది. థైరాయిడ్ చాలనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ పరీక్షలో బాగా ఎక్కువగా ఉంది.

నిజానికి ఇంగ్లండ్‌లో థైరాయిడ్ హార్మోన్ తక్కువై రోజూ మాత్ర వేసుకునేవాళ్ళకు మినహాయింపు పత్రం ఇస్తారు. అది ఉంటే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) డాక్టరు రాసిన మందులన్నీ ఉచితమే. పైగా విద్యార్థులు వీసాతో పాటే ఆరోగ్య సర్‌చార్జి కట్టి వస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి అది ఏడాదికి 776 పౌండ్లు. అంత డబ్బు కట్టి కూడా, దిగిన వారంలో డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోని పిల్లలు చాలామంది. మోతాదు సరిచేశాక కొన్ని వారాలకు ఆ అమ్మాయి తేరుకుంది. క్లాసువాళ్ళతో కలిసి రోమన్లు క్రీ.శ. 122లో మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ చూసి వచ్చింది. ఆమెకు ముందు కావలసింది మాత్ర, ఆ తర్వాతే ఊరు.

ఇంకో కుర్రాడి విషయంలో ప్రాణం కాపాడింది స్నేహం. చలిజ్వరం, తల పగిలిపోయే నొప్పి, వెలుతురు చూడలేకపోవడం. కొత్త విద్యార్థులకు వచ్చే ఫ్లూ అని ఆ ఇంట్లో కలిసి ఉండేవాళ్ళంతా అనుకున్నారు. పక్క గది కుర్రాడు మాత్రం ప్రతి శనివారం అతనితో కలిసి బియ్యం, కూరలు తెచ్చుకుని, దారిలో ఊరు చూసి వచ్చేవాడు. ఆ శనివారం అతను తలుపు తీయకపోయేసరికి లోపలికి వెళ్ళి చూశాడు. మనిషి మాట తడబడుతోందని గమనించి వెంటనే అత్యవసర నంబరు 999కి ఫోన్ చేశాడు. అది మెనింజైటిస్. అందులో గంటలే లెక్క. ఆ జబ్బులో ఒక్కోసారి వచ్చే దద్దు మన చామనచాయ ఒంటి మీద సరిగా కనపడదు. అరచేతులు, అరికాళ్ళు, కనురెప్పల లోపల చూడాలి. దద్దు వచ్చేదాకా ఆగకూడదు. కొన్ని రకాలకు టీకా ఉంది, 25 ఏళ్ళలోపు కొత్త విద్యార్థులకు ఇక్కడ ఉచితంగా వేస్తారు. కానీ తలుపేసుకున్నవాడి జ్వరం ఎవరికి తెలుస్తుంది? కలిసి తిరిగేవాళ్ళకే మనం కనపడలేదన్న సంగతి ముందు తెలుస్తుంది.

డిసెంబర్‌లో ఇక్కడ మూడున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. చలికాలపు ఎండలో విటమిన్ డి తయారు కాదు కాబట్టి రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటాం. బయటికి వెళ్ళే అలవాటు మాత్రం ఆ చీకటి రోజులు రాకముందే పడాలి.

పిల్లలను పంపిన తల్లిదండ్రులకు నాదొక మనవి. ఫోన్‌లో “తిన్నావా?” అని అడిగాక “ఇవాళ కొత్తగా ఏం చూశావు?” అని కూడా అడగండి. మీరు అప్పు చేసిన సంగతి వాళ్ళు ఒక్క పూట కూడా మరిచిపోరు. కాసేపు తిరిగిరావడం తప్పు కాదని వాళ్ళకు మీ నోట వినాలని ఉంటుంది. ఆ మాట నేను చెబితే రెండు రోజులు వింటారు. మీరు చెబితే చదువు పూర్తయ్యేదాకా ధైర్యంగా ఉంటారు.