ఇండ్ల నా పేరు ఏడున్నది?

ఎం.ఏ. చివరి ఏడాది ప్రాజెక్టుకు మా పెర్సాపేన్ కథ తీసుకున్నాను. పుస్తకాల్లో దొరికింది కొంతే. మిగతాదంతా మా ప్రధాన్ తాత దగ్గరుంది. రెండు రాత్రులు కిక్రి వాయిస్తూ చెప్పాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు ఎట్లా ఏర్పడ్డాయో, ఎవరు ఎవరితో వియ్యమందాలో, ఒక్క కాగితం చూడకుండా చెప్పాడు.

మంచి మార్కులొచ్చాయి. బైండింగ్ చేయించిన ప్రతి పట్టుకుని ఊరికి పోయాను. తాత దాన్ని ఒళ్లో పెట్టుకుని తడిమి, "ఇండ్ల నా పేరు ఏడున్నదిరా?" అన్నాడు.

చివరి పేజీలు తిప్పాను. హైమెన్‌డార్ఫ్ పేరుంది, రాజ్‌గోండుల మీద ఆయన 1948లో వేసిన పుస్తకం పేరుంది. తాత మాత్రం 'ఒక వృద్ధ సమాచారదాత'. ఆ మాట ఆయనకు చదివి వినిపించలేకపోయాను.

తాత ఇంకోటి అడిగాడు. "పేన్ ముందట, సగోళ్లు కూసున్నప్పుడే చెప్పేది గూడ రాసినవా?"

రాశాను. ఎవరినీ అడగలేదు. మన కథే కదా అనుకున్నాను. బయటివాళ్లు మన జ్ఞానాన్ని ఎత్తుకుపోయారని సెమినార్లలో గొంతెత్తినవాణ్ని నేనే.

పేరు రాయడం గౌరవం. ముందుగా అడగడం, వద్దంటే ఆగడం ఊరి అధికారాన్ని ఒప్పుకోవడం. 'మావ నాటే మావ రాజ్' అని నినదించే మనం కథల దగ్గర ఆ మాట మరిచిపోతే ఎట్లా? 2006 అటవీ హక్కుల చట్టాన్ని మనం పోడు పట్టాల చట్టంగానే చూస్తాం. జీవవైవిధ్యం, సాంస్కృతిక వైవిధ్యంతో ముడిపడిన సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి హక్కుందని దాని 3వ సెక్షన్‌లోనే ఉంది. 2018లో యూనికోడ్‌లో చేరిన గుంజాల గోండి లిపిని చూడండి. రాతప్రతులను తరతరాలుగా దాచుకున్న ఊరి పేరే ఆ లిపికి నిలిచింది.

తర్వాతి సెలవులకు ఆ భాగం తీసేసి, మొదటి పేజీలో తాత పేరు రాసి కొత్త ప్రతి తెచ్చాను. అప్పటికే తాత పోయాడు. ఆయన కొడుకు చేతికిచ్చాను. యూనివర్సిటీ లైబ్రరీలో పాత ప్రతి ఇంకా ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రాసే ముందు పటేల్‌ను, పెద్దలను అడగండి. రాసింది చెప్పినవాళ్లకు చదివి వినిపించాకే కాలేజీకి ఇవ్వండి. సార్లూ, మేడమ్‌లూ! పిల్లలు తెచ్చిన ప్రాజెక్టులో పుస్తకాల పట్టిక కంటే ముందు ఆ పేర్లు వెతకండి.