చెప్పకూడని మాట, చెప్పక తప్పని మాట

నేను వైద్యవృత్తిలో అడుగుపెట్టిన తొలినాళ్ళలో ఒక కళాశాల విద్యార్థిని తండ్రితో కలసి నా వద్దకు వచ్చింది. నిద్ర లేదు, ఆకలి లేదు. తండ్రిని వెలుపల కూర్చోబెట్టి అడిగితే, సహాధ్యాయి ఒకరిని ప్రేమించిన సంగతి, అతడు దూరమైన సంగతి చెప్పి, బ్రతకాలని లేదన్నది.

"ఏం చెప్పిందండీ డాక్టరుగారూ?" అని తండ్రి అడిగారు. నేను ఉన్నదంతా చెప్పివేశాను. ఆ అమ్మాయి మళ్ళీ నా గడప తొక్కలేదు. చదువు మాన్పించారని తరువాత విన్నాను.

ప్రాణాపాయం ఉన్నదని హెచ్చరించడం నా ధర్మం. ప్రేమ సంగతి బయటపెట్టడం నా తప్పు. ఈ రెండింటి నడుమ ఉన్న గీతను నేనప్పుడు చూడలేకపోయాను.

ఆ గీతను గూర్చి విస్తృతంగా చర్చకు వచ్చిన కేసు అమెరికాలో జరిగింది. 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చికిత్స పొందుతున్న ఒక భారతీయ విద్యార్థి, ఒక యువతిని చంపదలచినట్లు తన మనస్తత్వవేత్తతో చెప్పాడు. ఆయన క్యాంపస్ పోలీసులకు తెలియజేశాడు. వారు అతణ్ణి విచారించి వదలివేశారు. ఆ యువతికి గాని, ఆమె తల్లిదండ్రులకు గాని ఎవరూ చెప్పలేదు. ఆ అక్టోబరులో టాటియానా టరసాఫ్ హత్యకు గురైంది. తన వద్దకు వచ్చిన వ్యక్తి వల్ల మరొకరికి తీవ్రమైన అపాయం ఉన్నప్పుడు, వారిని కాపాడేందుకు తగిన జాగ్రత్త తీసుకోవడం చికిత్సకుని బాధ్యత అని 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్‌లో, గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ఇతరులకు హాని, ప్రాణాపాయం, న్యాయస్థానపు ఆదేశం వంటి సందర్భాలను మినహాయించింది. హానిని నివారించడానికి ఎంత అవసరమో అంతే చెప్పాలన్నది. నేను దాటిన గీత అదే.

బాలలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే మాత్రం మౌనానికి తావు లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేసి తీరాలి.

ఈ హద్దులను చికిత్సకుడు తొలిరోజే వివరించాలి. వివరించకపోతే మీరే అడగండి: "నా మాటలు ఎప్పుడు, ఎవరికి చెబుతారు?" ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. "ఏం చెప్పింది?" అని అడగవద్దు. "మేము ఎలా చూసుకోవాలి?" అని అడగండి. నాడు ఆ తండ్రికి నేను చెప్పవలసిన జవాబు కూడా అంతే.