గోడకంటే ముందు తాడు పట్టే చెయ్యి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో బడిపిల్లలకు కృత్రిమ గోడ మీద తాడుతో ఎక్కడం నేర్పాలంటే అన్నిటికన్నా ముందు సమకూర్చుకోవలసింది ఏమిటి? ఈ ప్రశ్న పట్టుకుని మూడు జిల్లాలూ తిరిగాను. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి విడివడిన జిల్లాలివి. ఎత్తుకు ఇక్కడ కరువు లేదు. గద్వాలలో సోమనాద్రి మట్టికోట ఊరి నడుమనే ఉంది. కోటలోపలే చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ. వనపర్తి జిల్లా ఖిల్లా ఘనపురంలో కోటగోడ గుట్టల మీదుగా పాకుతూ పోతుంది. నాగర్‌కర్నూల్ దాటి అచ్చంపేట, మన్ననూరు వైపు సాగితే నల్లమల లోయలు మొదలవుతాయి. ఇంత ఎత్తు కళ్లెదుట పెట్టుకుని కొత్తగా గోడ కట్టడమెందుకని ఎవరైనా అడుగుతారు. జవాబు వెతుకుతూ పోతే, మొదట కావలసింది గోడ కూడా కాదని నాకు తేలింది. కావలసింది కింద నిలబడి తాడు పట్టే మనిషి. ఆ మనిషిని తయారు చేసుకోకుండా గోడ కట్టడమంటే, ఈత వచ్చినవాడు ఒక్కడూ లేని ఊళ్లో పిల్లల్ని బావిలోకి దింపడమే.

ముందు గోడ ఎందుకో చెప్పుకుందాం. గద్వాల మట్టికోట మన చరిత్ర, దానికి ఒక్క మేకు కూడా దిగకూడదు. ఘనపురం గుట్ట ఎండాకాలం పొద్దెక్కేసరికి చెయ్యి పెట్టనివ్వదు. ఏ పెచ్చు ఊడుతుందో, ఏ పట్టు నమ్మదగిందో కొత్తవాడికి తెలియదు. ఇలాంటి బండల సందుల్లో కొండ తేనెటీగలు పట్టు పెడతాయి, అవి లేస్తే తాడు మీద వేలాడేవాడికి పారిపోయే దారి లేదు. కృత్రిమ గోడ మీద ఈ అనుమానాలు తగ్గుతాయి. ఎత్తు ఎంతో తెలుసు. పైన తాడు వేలాడే యాంకర్ ఎంత బరువు ఆపుతుందో ముందే పరీక్షించి ఉంటారు. పట్టులు విప్పి, పిల్లల వయసును బట్టి మార్చి బిగించవచ్చు. కింద నేల చదునుగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో వ్యాయామ విద్య అధ్యాపకుడు డాన్ రాబిన్సన్ 1964లో ఒక నడవా గోడకు రాతిముక్కలు పొదిగి సాధనకు వాడిన దగ్గరి నుంచి ఈ గోడల పని ఒక్కటే: ప్రమాదాన్ని అదుపులో పెట్టి పాఠం చెప్పడం. ఆ పాఠం ఎదిగి ఎదిగి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పోటీగా మారింది. వేగంగా ఎక్కే పోటీకి 15 మీటర్ల ఎత్తు, 5 డిగ్రీల ముందు వంపు ఉన్న గోడను ప్రపంచమంతా ఒకే కొలతతో కడతారు.

రాతిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. వాళ్ల మొదటి పాఠం భువనగిరి ఏకశిల మీద జరిగింది. అప్పట్లో గురుకులాలను నడిపిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్‌ది ఇప్పటి గద్వాల జిల్లాలోని అలంపూరే. ఆ విజయాన్ని తలుచుకున్నప్పుడల్లా మనకు శిఖరమే గుర్తొస్తుంది. ఆ శిఖరానికి ముందు బండ మొదట్లో ముడులు వేస్తూ, విప్పుతూ, ఒకరి తాడు ఒకరు పడుతూ గడిచే సాధన గుర్తురాదు. జిల్లాల్లో ఇలాంటి శిక్షణ పెట్టాలనుకున్నప్పుడు మనం తప్పు చేసేది ఇక్కడే. కళ్లకు కనబడే గోడకు డబ్బు కేటాయిస్తాం, కనబడని సాధనకు కేటాయించం.

తాడును దగ్గరగా చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. పైకి కనిపించేది రంగుల నైలాన్ అల్లిక, అది తొడుగు మాత్రమే. లోపల పేనిన పోగుల కట్ట ఉంటుంది, బరువులో పెద్ద వాటా మోసేది అదే. ఎక్కేవాడు పడినప్పుడు ఆపే తాడు కొంత సాగాలి. ఈఎన్ 892 అనే యూరప్ ప్రమాణం ప్రకారం ఇలాంటి తాడు మీద 80 కిలోల బరువును పడేసి పరీక్షిస్తారు. కనీసం 5 సార్లు తెగకుండా ఆపాలి, మొదటిసారి తగిలే దెబ్బ 12 కిలోన్యూటన్లు దాటకూడదు. బావి చేంతాడో, లారీకి కట్టే తాడో వాడితే అది తెగకపోయినా సాగదు కాబట్టి మనిషి నడుము విరగవచ్చు. కారబినర్ అనే కొక్కెం మూసి ఉన్నప్పుడు నిలువునా 20 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 2 టన్నుల బరువు ఆపగలదు. సామాను ఇంత గట్టిది. తప్పు జరిగేది సామానూ సామానూ కలిసేచోట, అంటే మనిషి చెయ్యి పడేచోట. ఈ సంగతి గద్వాల మగ్గాల ఊళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నూలు చీరకు పట్టు కొంగు కలిపేటప్పుడు అక్కడ పోగుకు పోగు చేత్తో అతుకుతారు. నూలు ఎంత మంచిదైనా, పట్టు ఎంత ఖరీదైనదైనా చీర నిలబడేది ఆ అతుకు దగ్గరే.

సాక్ష్యం కావాలంటే రెండు ఉన్నాయి. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూ అనే చోట లిన్ హిల్ పడిపోయింది. ప్రపంచంలోనే మేటి క్లైంబర్ అనిపించుకున్న అమెరికన్ ఆమె. తాడును హార్నెస్ అనే నడుం పట్టీలోంచి దూర్చి, ముడి పూర్తి చేయడం మరిచిపోయింది. 20 మీటర్ల పైనుంచి పడి చెట్టు కొమ్మల వల్ల బతికింది. 2013లో ఫ్రాన్స్‌లోనే 12 ఏళ్ల ఇటలీ బాలుడు టిటో ట్రావెర్సా చనిపోయాడు. తాడును రాతికి తగిలించే కొక్కేల జతలను ఎవరో తప్పుగా అమర్చారు, బరువు మోయాల్సిన పట్టీ బదులు కొక్కేన్ని కదలకుండా ఉంచే రబ్బరు బిళ్ల మీద భారం పడింది. రెండు చోట్లా తాడు తెగలేదు, కొక్కెం విరగలేదు. ఎక్కే ముందు ఇంకో జత కళ్లు చూసి ఉంటే రెండూ తప్పేవి. అందుకే గోడ దగ్గర మొదటి నియమం ఒకరినొకరు పరీక్షించుకోవడం. ఎక్కేవాడి ఎనిమిది అంకె ముడిలో రెండు వరసలూ పక్కపక్కనే, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పోయాయా, కొస చాలినంత మిగిలిందా, నడుం పట్టీ బిగిసిందా అని కిందివాడు చేత్తో తడిమి చూస్తాడు. కిందివాడి పరికరంలో తాడు సరైన వైపు దూరిందా, కారబినర్ తాళం పడిందా అని ఎక్కేవాడు చూస్తాడు. వందోసారి కూడా మొదటిసారి చూసినట్టే చూడాలి.

ఇక తాడు పట్టడం. దీన్ని బిలే అంటారు. పైన యాంకర్‌లోంచి దిగివచ్చిన తాడు కిందివాడి నడుము దగ్గరి పరికరంలోంచి పోతుంది. ఆ పరికరం దాటాక కొసవైపు తాడు పట్టే చేతిని బ్రేక్ చెయ్యి అంటారు. ఆ చెయ్యి తాడును ఎప్పుడూ వదలకూడదు. బిలే విద్య మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. పైవాడు ఎక్కినకొద్దీ వదులైన తాడును లాగుతారు, వెంటనే బ్రేక్ చేతిని తొడ వైపు దించుతారు, రెండో చెయ్యి వచ్చి దాని కింద తాడును పట్టాకే బ్రేక్ చెయ్యి పైకి జరుగుతుంది. ఇది గోడ లేకుండానే నేర్పవచ్చు. ఒక పిల్లవాడు బడి వరండాలో నడుస్తూ పోతుంటే, ఇంకొకడు తాడు అందుకుంటూ, ఆపుతూ సాధన చేయవచ్చు. గోడ దగ్గరికి వచ్చాక కూడా కొన్ని వారాలు బిలే చేసే పిల్లవాడి వెనక కొసతాడు పట్టుకుని మూడో మనిషి ఉండాలి. తేలికపాటి పిల్లకు బరువైన పిల్లవాడిని అప్పగిస్తే వాడు పడినప్పుడు ఆ పిల్లే పైకి లేస్తుంది, కాబట్టి జతలను బరువు చూసి కట్టాలి. చున్నీ, విడిచిన జడ, గాజులు పరికరంలో చిక్కుకోకుండా ముందే సర్దుకోవాలి.

మాటల దగ్గర తెలుగు పిల్లలకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త కావాలి. పైవాడు కాస్త తాడు కావాలనుకుంటే నోటికి వచ్చే మాట 'వదులు'. కానీ ఆ మాటకు కొంచెం సడలించమనీ అర్థమే, చేతిలోంచి విడిచిపెట్టమనీ అర్థమే. భయంలో ఉన్న పిల్లవాడు 'తాడు వదులు' అని అరిస్తే, కింద కొత్తగా నేర్చుకుంటున్నవాడు ఏది వింటాడు? ఇంగ్లిష్ కేకలు బట్టీ పట్టించినా లాభం లేదు, కాలు జారిన క్షణంలో ఎవరికైనా ఇంటి భాషే వస్తుంది. అందుకని గోడ దగ్గర 'వదులు' అనే మాట పూర్తిగా నిషేధించి, 'తాడు ఇవ్వు', 'తాడు లాగు', 'దించు' అని మూడే మాటలు స్థిరపరచాలి. ఎక్కే ముందు 'సిద్ధమా' అని అడగాలి, 'సిద్ధం, ఎక్కు' అని జవాబు వచ్చేదాకా పాదం నేల వదలకూడదు. పరదేశపు పుస్తకాల్లో ఈ సమస్య కనబడదు, మన భాషలో నేర్పేవాళ్లే గమనించి సరిదిద్దుకోవాలి.

తాడు పట్టే మనిషి విలువ ఈ నేలకు కొత్తది కాదని నల్లమలలో అర్థమవుతుంది. చెంచులు కొండ చరియల్లోని తేనె కోసం తాడు కట్టుకుని పైనుంచి దిగుతారు. పైన తాడు కాపు కాసేది బామ్మర్ది అని ఆనవాయితీగా చెబుతారు. బావ బతుకు కోరేవాడు బామ్మర్దే అనే సామెత వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: ఆ తాడు జారితే తన తోబుట్టువు బతుకే కూలుతుంది, కాబట్టి అతను రెప్ప వాల్చడు. తాడును ఎవరి చేతికి ఇవ్వాలన్న ప్రశ్నకు ఒక సమాజం ఇంత ఆలోచించి జవాబు చెప్పుకుంది. ఏ సర్టిఫికెట్టూ లేకుండానే చెంచులు ఇంత పని చేస్తుంటే మనకీ నియమాలెందుకని కొందరనవచ్చు. అక్కడ తాడు పట్టేవాడికీ దిగేవాడికీ చిన్ననాటి నుంచి పరిచయం, ఏళ్ల తరబడి చూసి నేర్చిన పని. గోడ దగ్గర జత కలిసే పిల్లలకు గంట పరిచయం కూడా ఉండకపోవచ్చు. ఆ బంధం లేనిచోట దాని స్థానంలో నిలబడవలసింది నియమమే. ఈరోజు ఎక్కినవాడు రేపు తాడు పట్టాలి, ఈరోజు పట్టినవాడు రేపు ఎక్కాలి. అలా మార్చి మార్చి చేస్తే ఇద్దరికీ ఒకరి ప్రాణం ఒకరికి తెలుస్తుంది.

కరువు నేలలో, వలస జిల్లాల్లో ఈ ఆట అవసరమా అన్నది మరో ఆక్షేపణ. నిజానికి ఎత్తు ఇక్కడ ఆట కాకముందే బతుకుతెరువు. పాలమూరు లేబర్ దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, మేడలు కట్టారు. పరంజా మీద నిలబడేవాడికి రక్షణ కల్పించాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది. గీత కార్మికులు మోకు, ముత్తాదుతో తాటిచెట్టు ఎక్కుతారు. వాళ్లకోసం 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్లు వాడే తరహా హార్నెస్, తాళ్లు ఇప్పుడు తాటివనాల్లోకి వచ్చాయి. అలాంటి ఇంటి పిల్లవాడు బడిలో గోడ దగ్గర 'ముడి ఎవరు చూశారు?' అని అడగడం నేర్చుకుంటే, ఆ ప్రశ్న పరంజా దగ్గరికీ, తాటిచెట్టు దగ్గరికీ వెళుతుంది. ఇంత పనికొచ్చే ఆటను డబ్బున్న పట్నానికే వదిలేయడం న్యాయం కాదు.

మనిషి బదులు తాడును తానే లాగుకునే యంత్రం పెట్టవచ్చు కదా అంటారు. పెట్టవచ్చు, కానీ కొక్కెం యంత్రానికి తగిలించుకోకుండానే ఎక్కేసినవాళ్లు ఉన్నారు, అప్పుడు ఎంత మంచి యంత్రమైనా ఆపలేదు. పిల్లల ప్రాణంతో చెలగాటమని తల్లిదండ్రులు భయపడటం సహజం. వాళ్లకు ఒక లెక్క చెప్పాలి. జర్మనీ పరిశోధకులు లోపలి గోడల మీద 5 ఏళ్లలో జరిగిన 515,337 సందర్శనలను పరిశీలించి 2013లో ప్రచురించారు. అందులో దెబ్బలు తగిలిన ఘటనలు 30. ఎక్కడం సహజంగానే క్షేమమని ఈ లెక్కకు అర్థం కాదు. నిఘా, నియమాలు ఉన్న గోడల లెక్క ఇది. అవి లేని గోడకు ఈ అంకె వర్తించదు.

కాబట్టి వరస మార్చాలి. మూడు జిల్లాల నుంచి వ్యాయామ ఉపాధ్యాయులను, ఆసక్తి ఉన్న యువతీ యువకులను ముందు శిక్షణ కోసం భువనగిరికి పంపాలి. వాళ్లు వచ్చి వరండాల్లో ముడులు, బిలే నేర్పాలి. ప్రతి తాడుకూ ఒక పుస్తకం పెట్టి కొన్న తేదీ, ఎన్నిసార్లు పడినవాళ్లను ఆపిందో, పరీక్షించినవాళ్ల సంతకం రాయాలి. తాడు పట్టే చేతులు తయారయ్యాకే గోడకు పునాది తీయాలి. గోడ ప్రారంభించే రోజున రిబ్బన్ కత్తిరించే పెద్దలు రెండు సంగతులు అడిగితే చాలు: తాడు ఎవరు పడుతున్నారు, వాళ్లకు ఎవరు నేర్పారు? ఈ రెండింటికీ పేర్లతో జవాబు వచ్చేదాకా ఏ పిల్లవాడినీ గోడ ఎక్కించకండి.